క్రైసిస్: చూడదగ్గ ఆటా, ఆడదగ్గ ఆటా?

ఓరుగల్లు_ఆటగాడు (హనుమకొండ)

సభ్యులందరికీ నమస్కారం. ఈ వేసవిలో మా ఇంటి అటక మీద పడి ఉన్న పాత కంప్యూటర్ కేబినెట్‌ను దించి, దుమ్ము దులిపి, 2007 నవంబరులో విడుదలైన క్రైసిస్ అనే కంప్యూటర్ తుపాకీ ఆటను మొదటి నుంచి చివరి దాకా మరొకసారి ఆడాను. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న క్రైటెక్ దీనిని తయారుచేసిందనీ, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ప్రచురించిందనీ ఇక్కడ చాలామందికి తెలుసు. అయితే మనలో ఎవరమూ దీనిని ఆటగా విచారించిన పాపాన పోలేదు. ఆ రోజుల్లో ఎవరైనా కొత్త కంప్యూటర్ కొంటే "అండ్ల క్రైసిస్ నడుస్తదా?" అన్నదే మొదటి ప్రశ్న. నడిస్తే రెండు నిమిషాలు సముద్రాన్నీ కొబ్బరిచెట్లనూ చూసి, ఫ్రేములు (సెకనుకు తెర మీద ఎన్ని చిత్రాలు మారుతున్నాయో) లెక్కపెట్టి, మూసేసేవాళ్లం. తూకపురాయికి రుచి ఎలా ఉంటుందని ఎవరూ అడగరు కదా, ఈ ఆట గతీ అంతే అయింది.

కథ క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందులో పెద్ద సారం లేదు. ఫిలిప్పీన్ సముద్రంలో లింగ్‌షాన్ అనే కల్పిత దీవులు, 2020వ సంవత్సరం, పురావస్తు పరిశోధకులను బంధించిన ఉత్తర కొరియా సైన్యం, వారిని విడిపించడానికి దిగిన అమెరికన్ దళం, కొండ కింద నిద్రపోతున్న గ్రహాంతర జీవులు. మనం నోమాడ్ అనే సైనికుడిగా ఆడతాం. ఒంటి మీద నానోసూట్ అనే శక్తులిచ్చే దుస్తు ఉంటుంది. దానిలో కవచం, వేగం, బలం, మాయం కావడం అనే నాలుగు శక్తులున్నాయి. నాలుగింటికీ కలిపి ఒకటే బ్యాటరీ. ఆటలోని సారమంతా ఆ ఒక్క బ్యాటరీలోనే ఉంది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. నీటి ఒడ్డున రేకుల ఇళ్లతో ఒక చిన్న శిబిరం ఉంది. మంచె మీద మెషిన్‌గన్, కింద ఒక జీపు, నలుగురైదుగురు సైనికులు. మొదటిసారి మాయమై నడిచి వెళ్లాను. కదులుతున్నప్పుడు బ్యాటరీ తొందరగా కరిగిపోతుందన్న సంగతి మరచినందువల్ల సరిగ్గా వాకిలి మధ్యలో బట్టలు జారినట్టుగా బయటపడ్డాను. రెండోసారి బలం పెట్టి ఇంటికప్పు మీదికి దూకి, పైనుంచి కాల్చుదామనుకుంటే, కింద పేలిన గ్రెనేడుకు ఇల్లే కూలి, నేను రేకులతో సహా కింద పడ్డాను. మూడోసారి కొద్దిదూరంలో దొరికిన మరొక జీపును వాలు మీద నుంచి వేగంగా వదిలి, చివరి క్షణంలో దూకేసి, అది మంచెను గుద్దే లోపల నీళ్లలో మునిగాను. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఆట నాకు చెప్పినది కాదు. రెండు నా పొరపాట్లు, మూడోది ఆ పొరపాట్ల మీద కోపం.

నా అభిప్రాయం ఇది: ట్యాంకుల యుద్ధం వరకు ఉన్న సగం నేటికీ నిలుస్తుంది; కొండ లోపలికి అడుగుపెట్టిన తరువాతి సగం మాత్రం బొమ్మల కొలువు. మీ అభిప్రాయాలు చెప్పండి. ఫ్రేముల లెక్కలు మాత్రం దయచేసి వద్దు.

మానేరు_గట్టు (కరీంనగర్)

అన్నా, మీరు మొదటి సగానికి ఇచ్చిన మార్కులు కూడా ఎక్కువేనని నా అభిప్రాయం. స్వేచ్ఛ అన్న మాటను మనం చాలా చౌకగా వాడుతున్నాం. క్రైసిస్‌లో ఉన్నది వెడల్పాటి దారి మాత్రమే. ఒకవైపు సముద్రం, మరొకవైపు ఎక్కలేని కొండ, మధ్యలో మీరు ఎటు తిరిగినా చేరవలసిన చోటు ఒక్కటే. అదే 2007లో కీవ్‌కు చెందిన జీఎస్‌సీ గేమ్ వరల్డ్ విడుదల చేసిన స్టాకర్ అనే ఆటను పక్కన పెట్టి చూడండి. అక్కడ మీరు లేకపోయినా లోకం తన పని తాను చేసుకుపోతుంది, కుక్కల మంద ఎవరి మీదనో పడుతుంది, మీకు ఆకలి వేస్తుంది, రాత్రి పడితే నిజంగా భయం వేస్తుంది. క్రైసిస్‌లో సైనికులు మీరు వచ్చే దాకా గోడకు ఆనుకొని నిలబడి ఉంటారు.

రెండో ఫిర్యాదు నానోసూట్ మీదనే. నాలుగు శక్తులు ఉన్నాయన్న మాట నిజమే కానీ, నా మటుకు నేను ఆటంతా రెండింటితోనే ముగించాను. మాయమై దగ్గరికి వెళ్లడం, కాల్చడం, కాల్చగానే బ్యాటరీ సున్నా అవుతుంది కాబట్టి బండ వెనక్కి చేరడం, నిండగానే మళ్లీ మాయం కావడం. పిల్లల దాగుడుమూతలకు ఇంతకంటే ఎక్కువ వ్యూహం కావాలి. ఇక సైనికుల ఒంట్లోకి ఎన్ని తూటాలు దిగినా లేచి నిలబడతారు. అంత వాస్తవంగా గీసిన మనిషి అంత అవాస్తవంగా బతికి ఉండడం కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బొమ్మ నాసిగా ఉండి ఉంటే ఆ లోపం అంతగా తెలిసేది కాదేమో.

జగిత్యాల_మౌస్

కోడిని పట్టుకొని విసరగలిగే ఆటకు ఇన్ని విమర్శలా? తాబేలును కూడా విసరవచ్చు. నేను మొదటి గంట అంతా ఆ పనే చేశాను.

పాకాల_తీరం (వరంగల్)

నేను ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ గ్రాఫిక్స్ పాఠం చెబుతాను కాబట్టి చూడదగ్గ ఆట అన్న మాటను కొంచెం పట్టుకొని మాట్లాడతాను. మానేరు గట్టు గారి చివరి వాక్యం నాకు చాలా నచ్చింది, కానీ నేను దానిని తిరగవేసి చెబుతాను: క్రైసిస్‌లో బొమ్మ అలంకారం కాదు, ఆటలో భాగం.

ఒక గది మూలను చూడండి. దీపం ఎక్కడ ఉన్నా సరే, రెండు గోడలు కలిసే చోట కొంచెం నలుపు ఉంటుంది, ఎందుకంటే అక్కడికి వెలుతురు అన్ని దిక్కుల నుంచి చేరలేదు. మన వేయి స్తంభాల గుడిలో చెక్కిన బొమ్మల మడతల్లో కనిపించేది కూడా అదే నీడ. ఆ నీడను నిజంగా లెక్కగట్టాలంటే ప్రతి బిందువు నుంచి వందల కిరణాలు పంపాలి, అది అప్పటి గ్రాఫిక్స్ కార్డులకు (కంప్యూటర్‌లో బొమ్మలు గీసే భాగాలకు) అసాధ్యం. క్రైటెక్‌లో పనిచేసిన వ్లాదిమిర్ కజాలిన్ ఒక ఉపాయం చేశారు. తెర మీద అప్పటికే గీసి ఉన్న ప్రతి పిక్సెల్‌కూ, అంటే ప్రతి చుక్కకూ, దాని లోతు ఎంతో కార్డుకు తెలుసు. ఒక పిక్సెల్ చుట్టూ ఉన్న కొన్ని బిందువుల లోతులను చూసి, చుట్టుపక్కలవి మనకు దగ్గరగా ఉండి ఇది లోపలికి ఉంటే, దానిని కొంచెం నల్లగా చేయడమే ఆ ఉపాయం. స్క్రీన్ స్పేస్ యాంబియంట్ అక్లూజన్ అని పిలిచే ఈ పద్ధతి మొదట విడుదలైన ఆట క్రైసిస్. తరువాతి పదేళ్లలో ఆ పద్ధతి ఏదో ఒక రూపంలో లేని పెద్ద ఆట దొరకడం కష్టం. ఇది కచ్చితమైన భౌతికశాస్త్రం కాదు, కన్నును మోసం చేయడం, విద్యార్థులకు నేను దీనిని చెప్పేటప్పుడు ప్రతిసారీ ఎవరో ఒకరు "ఇంతేనా మేడమ్?" అని నిరాశగా అడుగుతారు. ఇంతే.

ఇప్పుడు ఆటలోకి వద్దాం. ఈ నీడ లేకపోతే గడ్డి నేల మీద నాటినట్టు కాకుండా అతికించినట్టు ఉంటుంది. రాయి నేలలో కూరుకున్నట్టు కాకుండా తేలుతున్నట్టు ఉంటుంది. పొదలో దాక్కోవాలన్న ఆలోచన మనకు రావాలంటే ఆ పొదకు లోపల చీకటి ఉందని కన్ను నమ్మాలి. ఓరుగల్లు ఆటగాడు గారు వాకిలి మధ్యలో బయటపడ్డానన్నారు. ఆ వాకిలి బయలుగా ఉన్నదనీ, గోడ వెంట వెళ్లి ఉంటే నీడ ఉండేదనీ ఆయనకు బొమ్మ చూస్తేనే తెలిసింది. పక్కన బాణం గుర్తు పెట్టవలసిన అవసరం రాలేదు. మొదటి లెవెల్ రాత్రి మొదలై తెల్లవారుజామున ముగుస్తుంది. చీకట్లో మనకు ధైర్యంగా ఉన్న అదే అడవి, పొద్దు పొడిచి వెలుతురు ఆకుల మధ్య నుంచి చారలుగా దిగేసరికి చిక్కు పెట్టడం మొదలుపెడుతుంది. దానిని సూర్యోదయ దృశ్యమని మెచ్చుకొని ఊరుకుంటే సగమే చూసినట్టు.

ఏటూరునాగారం_టేకు

మేడమ్ గారు ఆకుల మాట ఎత్తారు కాబట్టి అడవి దగ్గర ఉండేవాడిగా ఒక మాట. ఆట ఆడినది చాలా తక్కువ, మా తమ్ముడు ఆడుతుంటే పక్కన కూర్చొని చూసినదే ఎక్కువ. టేకాకును పొద్దున పూట కింద నిలబడి పైకి చూస్తే, ఎండ దాని గుండా దిగి ఆకు మొత్తం పచ్చగా వెలుగుతుంది, ఈనెలు మాత్రం నల్లని గీతల్లా నిలుస్తాయి. అదే ఆకును పక్క నుంచి చూస్తే మామూలు ముదురు రంగు. అప్పటిదాకా నేను చూసిన ఆటల్లో ఆకు అంటే ఎటు చూసినా ఒకే రంగు కాగితం. ఇందులో సూర్యుడికి ఎదురుగా తిరిగినప్పుడు ఆకులు వెలగడం చూసి, మా తమ్ముడిని ఆపి, మళ్లీ అటు తిప్పమన్నాను. వాడిని వెనక నుంచి కాల్చి చంపారు. ఇప్పటికీ ఆ కోపం వాడికి పోలేదు.

తప్పు కూడా ఒకటి చెప్పాలి. అడవిలో మనిషి నడిస్తే పిట్టలు ముందు చెబుతాయి, కోతులు అరుస్తాయి, ఆ తరువాతనే మనిషి కనిపిస్తాడు. ఈ ఆటలో అంత చక్కగా గీసిన అడవి ఎవరి రాకనూ ఎవరికీ చెప్పదు. ఉన్న పిట్టలు ఎగిరిపోతాయి, అంతే. సైనికులు వాటిని పట్టించుకొని ఉంటే మాయం కావడం ఇంత సులువయ్యేది కాదు, కరీంనగర్ వారి ఫిర్యాదు కూడా కొంత తీరేది.

కాజీపేట_జంక్షన్

ఫ్రేముల లెక్కలు వద్దన్నారు కానీ, ఆ రోజుల్లో కంప్యూటర్ల రిపేరు పని చేసినవాడిగా నేను చెప్పకపోతే ఈ చర్చ సగమే అవుతుంది, మన్నించండి. డబ్బా మీద రాసిన కనీస అవసరాలే చూడండి: 6800 జీటీ గ్రాఫిక్స్ కార్డు, విండోస్ ఎక్స్‌పీ అయితే 1 జీబీ ర్యామ్, దాని తరువాతి విండోస్ విస్టా అయితే 1.5 జీబీ, హార్డ్ డిస్కులో 12 జీబీ ఖాళీ. మా దగ్గరికి వచ్చే యంత్రాల్లో చాలావాటికి అసలు విడిగా గ్రాఫిక్స్ కార్డే ఉండేది కాదు. అత్యున్నత సెట్టింగులను విస్టాకు, దానితో వచ్చిన గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ డైరెక్ట్‌ఎక్స్ 10కు మాత్రమే అని కట్టేశారు. తరువాత కాన్ఫిగరేషన్ ఫైలులో నాలుగు అంకెలు మారిస్తే ఎక్స్‌పీలోనే వాటిలో చాలా మటుకు వస్తాయని తేలింది. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంకా గుర్తుంది, ఎందుకంటే అందుకోసమే ఇద్దరు ముగ్గురికి నేను విస్టా ఎక్కించాను.

2008 ఎండాకాలంలో ఒక హాస్టల్ విద్యార్థి స్కూటర్ మీద ముందు కేబినెట్ పెట్టుకొని వచ్చాడు. 8800 జీటీ కార్డు, మంచి ప్రాసెసర్, అన్నీ బాగున్నాయి. ఆటలో ఏదైనా పెద్దగా పేలిన ప్రతిసారీ యంత్రం మొత్తం ఆగిపోతున్నదని ఫిర్యాదు. అంతకుముందు చూసిన వాళ్లు ఆటలోనే లోపమన్నారట. నేను యంత్రానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను విప్పి చేతిలోకి తీసుకున్నాను. పైన స్టిక్కర్ మీద 450 వాట్లని రాసి ఉంది, చేతికి మాత్రం ఎండిన సొరకాయ బుర్రలా తేలికగా తగిలింది. లోపల రాగి కంటే గాలే ఎక్కువ. పేలుడు తెర మీదికి రాగానే కార్డు ఒక్కసారిగా కరెంటు లాగడం, అది ఇవ్వలేక చేతులెత్తేయడం. మంచిది తెప్పించి వేస్తే ఆగకుండా నడిచింది. ఆ పిల్లవాడు నా బల్ల దగ్గరే నిలబడి మొదటి లెవెల్ పూర్తి చేశాడు, ఆ గంటసేపు వేరే గిరాకీలన్నీ ఆగిపోయాయి.

ఇక అసలు సంగతి. ఈ ఆట ఇప్పటి యంత్రాల్లో కూడా కొన్నిచోట్ల ఎందుకు నత్తనడక నడుస్తుందో చాలామందికి అర్థం కాదు. దీనిని తయారుచేస్తున్న కాలంలో ప్రాసెసర్ల గడియారం వేగం ఏటేటా పెరుగుతూనే పోతుందని నమ్మారు. జరిగింది వేరు. వేగం ఒక దగ్గర ఆగి, ప్రాసెసర్ లోపల విడివిడిగా లెక్కలు చేసే కోర్ల సంఖ్య పెరగడం మొదలైంది. క్రైసిస్ భారం ఎక్కువగా ఒకే కోర్ మీద పడుతుంది. పదహారు మంది కూలీలను పెట్టుకొని మూట మాత్రం ఒకడి నెత్తినే పెట్టినట్టు. కాబట్టి గ్రాఫిక్స్ కార్డు ఎంత ఖరీదైనదైనా, ఊరంతా ఒకేసారి కూలుతున్నప్పుడు, సైనికులు గుంపుగా ఉన్నప్పుడు అది ఖాళీగా కూర్చొని ఎదురుచూస్తుంది. ముందుచూపుతో తీసిన ఆట అంటారు కానీ, రాని భవిష్యత్తు కోసం తీసిన ఆట అన్నదే సరి.

భూపాలపల్లి_బొగ్గు

పెద్దలందరికీ నమస్కారం. మీరు 8800 జీటీ గురించి మాట్లాడుతున్న కాలానికి నేను ఒకటో తరగతిలో ఉన్నాను. నేను ఆడినది 2020 సెప్టెంబరులో పీసీకి వచ్చిన రీమాస్టర్డ్ (పాత ఆటకు మెరుగులు దిద్దిన కొత్త వెర్షన్) మాత్రమే. అందులో సెట్టింగుల పేర్లలోనే ఒకదానికి "క్రైసిస్ నడుస్తుందా" అని పెట్టారు, అది చూసి నవ్వుకున్నాను. కానీ నిజం చెప్పమంటే, నాకు ఇదంతా మామూలుగానే అనిపించింది. ఆకులు వెలగడం, మూలల్లో నీడ, చెట్టు విరగడం ఇవన్నీ నేను చిన్నప్పటి నుంచి ప్రతి ఆటలోనూ చూస్తున్నవే. నానోసూట్ కూడా మీరు చెప్పినంత చిక్కుగా లేదు. కవచానికి ఒక బటన్, మాయం కావడానికి ఒక బటన్. పరుగెత్తితే వేగం, దూకితే బలం వాటంతట అవే వచ్చేశాయి. బ్యాటరీ గురించి పెద్దగా ఆలోచించవలసిన అవసరమే రాలేదు. మీరు మెచ్చుకుంటున్నది ఆటనా, మీ కాలేజీ రోజులనా?

ఓరుగల్లు_ఆటగాడు

తమ్ముడూ, చివరి ప్రశ్న సూటిగా తగిలింది. కాలేజీ రోజుల పాలు ఉండదని బుకాయించను. కానీ నీ పోస్టులోనే జవాబు కూడా ఉంది. నువ్వు ఆడినది నేను ఆడిన ఆట కాదు.

2011లో ఈ ఆటను టీవీకి కలిపి ఆడే కన్సోల్ యంత్రాలైన పీఎస్3కీ, ఎక్స్‌బాక్స్ 360కీ మార్చినప్పుడు, కంట్రోలర్‌కు వీలుగా నానోసూట్‌ను అదే సంవత్సరం వచ్చిన క్రైసిస్ 2 పద్ధతిలోకి మార్చారు. రీమాస్టర్డ్‌కు ఆ కన్సోల్ వెర్షనే పునాది. నేను ఆడిన పాతదానిలో మౌస్ మధ్య బటన్ నొక్కితే చిన్న చక్రం తెరుచుకుంటుంది, నాలుగింటిలో ఒకటి ఎంచుకోవాలి, ఎంచుకున్న ఆ ఒక్కటే ఉంటుంది. వేగంలో ఉన్నావంటే కవచం లేనట్టే. తూటాలు వస్తుంటే చక్రం తిప్పడంలో చేయి తడబడి, కవచానికి బదులు బలం పడితే, పారిపోవలసిన చోట నిట్టనిలువుగా గాలిలోకి ఎగిరి అందరికీ గురి అవుతావు. నాకు అది ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. అన్నీ వాటంతట అవే వచ్చేస్తే ఎంచుకోవడం అన్నదే పోతుంది, ఎంచుకోవడం పోతే ఆ శిబిరం మామూలు కాల్పుల శిబిరమే. తరువాత వచ్చిన అప్‌డేట్‌లో పాత పద్ధతిని కూడా పెట్టారు, సెట్టింగుల్లో వెతుకు. విమానం నడిపే లెవెల్ కూడా కన్సోల్ వెర్షన్‌లో లేకపోవడంతో రీమాస్టర్డ్‌లో మొదట రాలేదు, పీసీలో తరువాత చేర్చారు. అది లేకపోవడం నీ అదృష్టమేనని నేను అనుకుంటాను.

పాత పద్ధతి పెట్టి, కష్టం స్థాయిని అన్నిటికంటే కఠినమైన డెల్టాకు మార్చి, మొదటి రెండు లెవెళ్లు ఆడి వచ్చి చెప్పు. డెల్టాలో తుపాకీ గురి గుర్తు ఉండదు. మామూలు స్థాయిలో ఇంగ్లీషు మాట్లాడే ఉత్తర కొరియా సైనికులు అక్కడ కొరియన్‌లోనే మాట్లాడతారు.

మానేరు_గట్టు

ఆ ఇంగ్లీషు సంగతి నేను మరచిపోయాను. "అతను చెట్టు వెనక ఉన్నాడు" అని శత్రువే మనకు అర్థమయ్యే భాషలో అరిచి చెప్పడం ఎంత విడ్డూరం! డెల్టాలో నేను ఎప్పుడూ ఆడలేదని ఒప్పుకుంటున్నాను, కాబట్టి నా దాగుడుమూతల ఫిర్యాదును ప్రస్తుతానికి పక్కన పెడతాను. వెనక్కి తీసుకోవడం లేదు. దారి వెడల్పు గురించిన ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. క్రైటెక్ వారే 2004లో తీసిన ఫార్ క్రై కూడా ఇలాగే అద్భుతమైన దీవితో మొదలై, సగం దాటాక మ్యూటెంట్లనే వికృత జీవులతో చెడింది. ఒకే గుంతలో రెండుసార్లు పడడాన్ని ఏమంటారో మీరే చెప్పండి.

పాకాల_తీరం

రెండో సగం గురించి ఓరుగల్లు వారు బొమ్మల కొలువు అన్నారు, నేను దాదాపుగా ఒప్పుకుంటాను. కొండ లోపలి గ్రహాంతర ఓడలో గురుత్వాకర్షణ ఉండదు. పైకీ కిందికీ తేడా లేకుండా తేలుతూ వెళ్లాలి. సాంకేతికంగా అది చిన్న విషయం కాదు, కానీ ఆటగాడికి నిలబడడానికి నేల, దాక్కోవడానికి నీడ, ఎక్కడానికి కప్పు లేవు. నానోసూట్ శక్తులన్నీ నేల మీద నడిచేవాడి కోసం ఊహించినవి. మల్లయోధుడిని తెచ్చి ఈతకొలనులో దింపితే ఏమవుతుందో అదే అయింది. పైగా అక్కడ దృశ్యం ఎటు చూసినా నీలంగా, మెరుస్తూ, ఒకేలా ఉంటుంది. నేను మొదట చెప్పినట్టు బొమ్మ చూసి దారి తెలుసుకునే వీలు అక్కడ పోయింది, దారి తప్పి ఒకే గదిలోకి మూడుసార్లు వచ్చాను.

అయితే ఒక్క మినహాయింపు ఉంది. ఓడ నుంచి బయటికి రాగానే దీవి అంతా మంచుతో గడ్డకట్టి ఉంటుంది. అంతకుముందు మనం పాకుతూ తిరిగిన పచ్చని అడవి తెల్లగా, ఊగకుండా, చప్పుడు లేకుండా నిలబడి ఉంటుంది. కొమ్మ మీద కాలిస్తే గాజులా పగులుతుంది. అక్కడ చేయవలసినదేమీ పెద్దగా లేదన్నది నిజమే. కానీ నేను ఆ చోట తుపాకీ దించి కొంతసేపు ఊరికే నిలబడ్డాను. ఆ పొదల లోపలి చీకటి మనకు అలవాటై ఉండకపోతే ఈ తెలుపు అంత బాధ పెట్టేది కాదు. మొదటి సగం సంపాదించి పెట్టినదాన్ని రెండో సగం అక్కడ ఒక్కసారే సరిగ్గా ఖర్చు పెట్టింది. ఆ తరువాత యుద్ధనౌక మీద జరిగే చివరి పోరాటంలో మిగిలినదంతా చప్పుడే.

జగిత్యాల_మౌస్

మంచు లెవెల్‌లో కోళ్లు లేవు. అందుకే బాగా లేదు.

మానేరు_గట్టు

ముగింపు మాట కూడా చెప్పుకోవాలి. అంత పోరాడి యుద్ధనౌక మునిగిపోయాక, దీవి నుంచి వచ్చిన కబురు విని విమానాన్ని వెనక్కి తిప్పుతారు, అక్కడితో ఆట ఆగిపోతుంది. 2011లో వచ్చిన రెండో భాగం కథను న్యూయార్క్‌కు, వేరే సైనికుడికి అప్పగించింది. వెనక్కి తిప్పిన ఆ విమానం ఏమైందో చూపనే లేదు. విస్తరి వేసి, నీళ్లు చల్లి, వంట ఇంకో ఊళ్లో ఉందన్నట్టుగా ఉంది వ్యవహారం.

కాజీపేట_జంక్షన్

డిస్కులో ఆటతో పాటు శాండ్‌బాక్స్ 2 అనే ఎడిటర్‌ను కూడా ఉచితంగా ఇచ్చారు, దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్లు లెవెళ్లు తయారుచేసిన పనిముట్టు అదే. నేల గీస్తే కొండ లేస్తుంది, కుంచె తిప్పితే చెట్లు మొలుస్తాయి, ఒక్క మీట నొక్కగానే అందులోకి దిగి ఆడవచ్చు. నేను లక్నవరం చెరువును అందులో తయారుచేయాలని మొదలుపెట్టాను. నీళ్లు, దీవులు, చుట్టూ గుట్టలు అన్నీ బాగానే కుదిరాయి, వేలాడే వంతెన దగ్గర ఆగిపోయాను. వంతెన మీద సైనికుడిని నిలబెడితే నడవకుండా నీళ్లలోకి దూకేవాడు. ఆ ఫైలు ఉన్న హార్డ్ డిస్కు తరువాత చచ్చిపోయింది. దారి వెడల్పు చాలదన్న కరీంనగర్ అన్న గారు ఆ ఎడిటర్ తెరిచి ఉంటే, వెడల్పు ఎందుకు తగ్గించవలసి వచ్చిందో పది నిమిషాల్లో తెలిసేది. చెట్టు పెట్టిన ప్రతిచోటా కార్డు మూలుగుతుంది.

భూపాలపల్లి_బొగ్గు

ఓరుగల్లు అన్న చెప్పినట్టే పాత పద్ధతి పెట్టి, డెల్టాలో మూడు రాత్రులు ఆడాను. రెండు లెవెళ్లు అన్నారు కానీ రెండోదానిలోని ఊరి దగ్గరే ఇంకా ఉన్నాను.

గురి గుర్తు లేకపోవడంతో మొదటి రాత్రి తూటాలన్నీ కొబ్బరిచెట్లకే తగిలాయి. ఒక చెట్టు నడుముకు విరిగి నా మీదనే పడింది. రెండో రాత్రి కాల్చడం మానేసి బైనాక్యులర్ పట్టుకొని గడ్డిలో బోర్లా పడుకున్నాను. పావుగంట దాకా ఏమీ చేయలేదు. ఒక సైనికుడు ఇంటి వెనక్కి వెళ్లి రావడం, ఇంకొకడు పడవ దగ్గర ఆగడం చూస్తూ కూర్చున్నాను. ఆటలో నేను ఇంతసేపు ఊరికే ఉండడం ఇదే మొదటిసారి. తరువాత మాయమై కదిలాను. నాలుగడుగులు వేసి ఆగడం, బ్యాటరీని చూసుకోవడం, మళ్లీ నాలుగడుగులు. మేడమ్ గారు చెప్పిన గోడ నీడ వెంటనే వెళ్లాను. సగం దారిలో ఉండగా పక్కింట్లో నుంచి ఇద్దరు కొరియన్‌లో ఏదో మాట్లాడుకుంటూ బయటికి వచ్చారు. నన్ను చూశారో, అన్నం సంగతి మాట్లాడుకుంటున్నారో తెలియలేదు. ఇంగ్లీషులో అయితే వెంటనే తెలిసిపోయేది. బ్యాటరీ గీత ఎర్రగా మారుతున్నది, కదిలితే తొందరగా అయిపోతుంది, కదలకపోతే వాళ్లు నా మీదికే వస్తున్నారు.

కంగారులో చక్రం తిప్పాను. కవచం అనుకున్నాను, బలం పడింది. ఎగిరి రేకుల కప్పు మీద పడ్డాను, పెద్ద చప్పుడు. ఒకడు ఆకాశంలోకి ఫ్లేర్ (వెలుగు సంకేతం) వదిలాడు, సాయానికి ఇంకా జనం వచ్చారు. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో కరెంటు పోయింది.

ఇన్వర్టర్ నా గదికి లేదు. సేవ్ చేసినది గడ్డిలో పడుకున్న దగ్గరే ఉంది. ఇవాళ రాత్రి మళ్లీ అక్కడి నుంచి మొదలుపెడతాను. ఈసారి పడవ దగ్గరి వాడు అటు తిరిగినప్పుడు నీళ్ల వైపు నుంచి వద్దామనుకుంటున్నాను. మునిగి ఉన్నప్పుడు బ్యాటరీ ఖర్చు ఎంతో ఎవరైనా చెప్పగలరా?